ఒక బోల్టు సంగతి



నేను ఫౌజులో హెలికాప్టర్ల మరమ్మతు చేసినవాణ్ణి. ఉపన్యాసం నాకు రాదు. ఒక బోల్టు సంగతి చెప్తాను.

చాలా జెట్ విమానాల్లో ఇంజన్ నుంచి తీసిన వేడి గాలినే చల్లబరిచి లోపలికి పంపుతారు. ఆ యంత్రాన్ని పట్టి ఉంచేవి బ్రాకెట్లు, బోల్టులు, అదురు తగ్గించే రబ్బరు దిమ్మెలు. బోల్టు వదులైతే అదురుకి బ్రాకెట్ పగలొచ్చు, గొట్టం జాయింటు ఊడొచ్చు. అందుకే కొలత ప్రకారం బిగించి, అవసరమైన చోట లాక్‌వైరు కడతారు.

నేను నాయక్‌గా ఉన్నప్పుడు క్యాబిన్ బ్లోయర్ బ్రాకెట్‌కి పాత బోల్టు పక్కన పెట్టి, కంటితో చూసి కొత్తది తీశాను. మా ఉస్తాద్ పార్టు నంబరు అడిగారు. చెప్పలేకపోయాను. "పుస్తకం తెరువు" అన్నారు. తెరిస్తే, నాది సన్న బోల్టు! ఆ సాయంత్రం అదే మెషీన్‌లో ఇద్దరు పైలట్లు ఎగరాలి.

నా తప్పు నేల మీదే దొరికింది. 1990 జూన్ 10న ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో అలా దొరకలేదు. కాక్‌పిట్ అద్దం గాల్లో ఊడి, కెప్టెన్ సగం బయటికి పోయాడు. సిబ్బంది గట్టిగా పట్టుకున్నారు గనుక బతికాడు. ఆ అద్దానికి వేసిన 90 బోల్టుల్లో 84 సన్నవి. అవీ కంటితో పోల్చి తెచ్చినవే.

మన భిలాయిలో 1959 నుంచి ఇనుము కరుగుతోంది. మన పిల్లలెందరో ప్లాంటులో స్పానరు పట్టారు. వాళ్లకి నా మాట ఒకటే: తెలియకపోతే అడగండి, తప్పైతే ఒప్పుకోండి. ఆ రోజు ఒప్పుకున్నాను కాబట్టే ఇవాళ మీ ముందు తలెత్తి నిలబడ్డాను.

జైహింద్.