దూరపు ప్రింటరూ – మన డిస్పాచి రిజిస్టరూ

(ఆమదాలవలసలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి నేను మాట్లాడతాననగానే కొందరు మిత్రులు నవ్వారు. నేను గుమాస్తాను. గుమాస్తా బుర్రకు అందినంత మేరకే చెబుతాను. మా అమ్మాయి విశాఖపట్నంలో ఒక వ్యాపార సంస్థలో ఈ పనే చూస్తుంది. తెలియనివి ఆమెను అడిగి తెలుసుకున్నాను.

మన ఊరి స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్ అని అందరికీ తెలిసినదే. అక్కడ రిజర్వేషను కిటికీలో టిక్కెట్టు మన కళ్ళెదుటే అచ్చవుతుంది. కాని బెర్తుల లెక్క ఉన్న కంప్యూటరు మన ఊళ్ళో లేదు, ఎక్కడో మహానగరంలో ఉంది. రైల్వేవారు 1985లో ఢిల్లీలో మొదలుపెట్టి, ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలను 1999 నాటికి ఒకదానితో ఒకటి కలిపారు. లెక్క ఒకచోట, కాగితం వేరొకచోట.

వ్యాపార సంస్థలకూ ఇదే అవసరం. ఐబీఎం వారు 1988లో ఏఎస్/400 అనే మధ్యతరహా కంప్యూటరు తెచ్చారు. పేర్లు మారి, 2008 నుండి దాని వ్యవస్థను ఐబీఎం ఐ అంటున్నారు. కంప్యూటరు హెడ్డాఫీసులో ఉంటుంది, ప్రింటరు ఎక్కడో గిడ్డంగిలో ఉంటుంది. అక్కడ బిల్లు అచ్చయితేగాని లారీ కదలదు.

ఈ యంత్రంలో సాధారణంగా ఏ కాగితమూ తిన్నగా ప్రింటరుకు పోదు. ముందు స్పూలు ఫైలుగా తయారై ‘అవుట్‌పుట్ క్యూ’ అనే వరుసలో కూర్చుంటుంది. మన బల్లమీది అవుట్ ట్రే లాంటిదన్నమాట. అందులోంచి తీసి పంపే ప్రోగ్రాముకు వారు పెట్టిన పేరు ‘రైటరు’. ఆ పేరు వినగానే పాత కచేరీలు గుర్తుకొచ్చాయి.

ఏర్పాటు చేసే క్రమం ఇది. మొదట ప్రింటరుకు మారని ఐపీ చిరునామా ఇవ్వాలి. చిరునామా మారిపోతే ఖాళీ చేసిన ఇంటికి తపాలు వేసినట్టే. రెండవది, దాని పేరున ఒక క్యూ తెరిచి, ఆ చిరునామా, అవతలి క్యూ పేరు రాయాలి. మూడవది లిపి. ఐబీఎం యంత్రం ‘ఎబ్సిడిక్’ పద్ధతిలో రాస్తుంది. మామూలు ప్రింటర్లకు తెలిసినది ‘ఆస్కీ’. ఇంగ్లీషు పెద్ద ‘ఎ’ అక్షరం మొదటిదాంట్లో 193, రెండవదాంట్లో 65. అందుచేత ప్రింటరు మోడలు చెప్పి, తర్జుమా చేయమని కూడా రాయాలి. లేకుంటే అర్థంలేని గుర్తులు అచ్చవుతాయి. నాలుగవది, దూరపు రైటరును ప్రారంభించి ఒక పేజీ పరీక్షకు పంపాలి.

అసలు సంగతి ఇక్కడ ఉంది. ఇలా క్యూ ద్వారా పంపే పద్ధతిని ఎల్‌పీఆర్ అంటారు. ఇందులో ఫైలంతా ఒకేసారి అవతలికి అప్పగిస్తారు. అవతలివారు పుచ్చుకోగానే ఇక్కడి క్యూలోంచి అది పోతుంది. ఆ తరువాత కాగితం నలిగిందో, ఇంకు అయిపోయిందో ఈ కంప్యూటరుకు తెలియదు. ఏడో పేజీ ఒక్కటే మళ్ళీ కావాలన్నా కుదరదు, మొత్తం పంపాలి. అదికూడా ముందుగా ‘సేవ్’ అని పెట్టి ఉంచుకుంటేనే.

రెండో పద్ధతిలో ప్రింటరును ఒక పరికరంగానే నమోదు చేస్తారు. అప్పుడు రైటరు ప్రింటరుతో మాట్లాడుతూ, దాని పరిస్థితి కనుక్కుంటూ పంపుతుంది. కావలసిన పేజీలే తీయించవచ్చు. అయితే ఆ మాదిరి జవాబివ్వగల ప్రింటరు ఉండాలి. మామూలు నివేదికలకు మొదటిది చాలు. బిల్లులకు, చెక్కులకు రెండవదే మేలని మా అమ్మాయి మాట. ఒకే బిల్లు రెండుసార్లు అచ్చయితే సరుకు రెండుసార్లు పోయే ప్రమాదముంది కదా!

మిత్రులారా, ఇది మనకు కొత్త పాఠం కాదు. డిస్పాచి రిజిస్టరులో నంబరు పడితే ‘పంపినాము’ అని అర్థం. ప్యూను బుక్కులో సంతకం పడితేనే ‘అందినది’ అని అర్థం. నా సర్వీసులో చూశాను, ఒక అటెండరు భార్య కుటుంబ పింఛను కాగితాలు రెండు కార్యాలయాల మధ్య నెలల తరబడి కనిపించలేదు. వీరు పంపామన్నారు, వారు రాలేదన్నారు. ఇద్దరూ అబద్ధమాడలేదు. సంతకం తీసుకున్న వారే లేరు. ఆ నెలలన్నీ ఆవిడ అప్పుతోనే ఇల్లు నడిపింది.

అందుచేత ఒక్క మనవి. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ వాడే మిత్రులు గమనించండి. వేలిముద్ర పెట్టగానే సెల్లుకు వచ్చే ప్రమాణ్ ఐడీ పత్రం తయారైందని మాత్రమే చెబుతుంది. పింఛను ఇచ్చేవారు దానిని ఆమోదించారో లేదో వేరే చూసుకోవాలి. చూడడం చేతకానివారికి చేతనైన సభ్యులు చూసిపెట్టాలి. యంత్రం ఎంత పెద్దదైనా, అవతలివాడు అందినదని చెప్పేవరకు పని అయినట్టు కాదు.