చమకములోని ధాన్యములు – మన వంటయిల్లు



కార్తిక సోమవారాభిషేకము ముగిసినది. తీర్థము స్వీకరించి అందరును ఆసీనులైనారు. ఇంతకు ముందే చమకమును వింటిరి గదా! అందు నాల్గవ అనువాకమున యజమానుడు పరమేశ్వరుని పండ్రెండు ధాన్యములను యాచించుచున్నాడు. వ్రీహులతో, యవలతో ఆరంభమై, మినుములు, నువ్వులు, పెసలు, గోధుమలు దాటి, ఆ కోరిక ప్రియంగువులు, శ్యామాకములు, నీవారముల వరకును సాగును. ప్రియంగువనగా మన కొర్ర. శ్యామాకమనగా చామ. నీవారము దున్నక విత్తక తనంత మొలచు వరి.

గత సంవత్సరము మా వద్ద సంత చెప్పుకొను చిన్నవాడొకడు, "గురువుగారూ, కొర్ర యెట్లుండును? చూపింపుడు" అని యడిగెను. అరువది యేండ్లుగా చమకము వల్లించుచున్న మేము వంటయింట డబ్బాలన్నియు వెదకితిమి. ఒక్క గింజ దొరకలేదు. ఉన్నది సన్నబియ్యము. భగవంతుని పండ్రెండడిగి అంగడివానిని ఒక్కటే యడుగుచున్నాము! ఆ పిల్లవాని ముందు మాకు తల వంగిపోయినది.

ఆ గింజలు ఎక్కడ నిలిచియున్నవని విచారింపగా, దూరము పోనక్కరలేదని తెలిసినది. మన నగరమునకు సుమారు నూరు కిలోమీటర్ల దూరమున జహీరాబాదు కలదు. ఆ ప్రాంతమున పస్తాపూరు కేంద్రముగ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో ఆరంభమైనది. అందలి మహిళా సంఘములవారు అధికులు దళిత స్త్రీలు, కొద్దిపాటి మెట్టభూమి గలవారు. ఒకే చేనులో జొన్న, కొర్ర, చామ, కంది మొదలగు పంటలను కలిపి వేయుదురు. ఒకటి పోయిన ఒకటి దక్కును. విత్తనములను బూడిద, వేపాకు కలిపి బుట్టలలో దాచెదరు. ఏటేట సంక్రాంతి మొదలుకొని ఆ విత్తనములను ఎడ్లబండ్లపై అలంకరించి, పాత పంటల జాతర యని ఊరూర త్రిప్పెదరు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ పురస్కారము లభించినది.

చమకము మా కంఠములందు నిలిచినది. చమకము కోరిన ధాన్యము ఆ తల్లుల బుట్టలందు నిలిచినది. వారిని వేదము చెవిని పడనంత దూరమున నిలిపినవారు మా పెద్దలే. ఈ మాట మేము చెప్పక మరెవరు చెప్పవలెను?

1983లోనే కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. పేదల ఆకలి తీర్చిన పథకమును మేము నిందింపము. కాని బియ్యము చౌకయైన పిమ్మట జొన్నయు కొర్రయు విస్తరి నుండి తొలగినవి. కొనువాడు లేని పంటను రైతు ఎన్నాళ్ళు పండించును?

తైత్తిరీయోపనిషత్తు భృగువల్లియందు, అన్నమును నిందింపరాదని చెప్పి, విస్తారముగ సంపాదింపవలెనని వ్రతముగ విధించినది. చిక్కడపల్లిలో, అశోక్‌నగరులో మేడలపై నివసించు మనము నాగలి పట్టజాలము. పట్టినవానిని నిలబెట్టుటయే మనకు మిగిలిన వ్రతభాగము. దళారులు లేకుండ రైతే అమ్ముకొనుటకై 1999 జనవరి 26న రైతుబజార్లు ఆరంభమైనవి. మెహదీపట్నమునకో ఎర్రగడ్డకో వారమునకొకసారి పోవుట కష్టమా? అచ్చువేసిన ధరను అద్దాల అంగడిలో మారు పలుకక చెల్లించి, తోటకూర కట్టలమ్ము ముసలమ్మ వద్ద మాత్రము కొసరుకై వాదించుట మనకే చెల్లినది!

నివేదన పళ్ళెరములోనికి సముద్రము దాటి వచ్చిన ఆపిలుపండ్లు చేరుచున్నవి. వానిపైనున్న కాగితపు చీటీని అర్చకస్వామి గోటితో గీకి తీయుట మేము కన్నులార చూచితిమి. అదే ఋతువున పాలమూరు వైపు నుండి సీతాఫలములు గంపలతో వచ్చుచుండును. పూర్వము ఆహితాగ్నులు క్రొత్త పంటను దేవతలకు అర్పింపక తినెడివారు కారు. వర్షర్తువున శ్యామాకములతో, శరత్తున వ్రీహులతో, వసంతమున యవలతో ఆగ్రయణేష్టి చేసెడివారు. తన చుట్టునున్న నేలలో ఏది ఎప్పుడు పండునో ఎరుగనివానికి ఆ యిష్టి యెట్లు సాగును?

అనారోగ్యముగలవారు వైద్యుని యడిగియే ఆహారము మార్చుకొనుడు. మేము చెప్పునది ఔషధము గాదు.

వచ్చు సోమవారము అభిషేకానంతరము స్వామికి కొర్ర పరమాన్నము నివేదన జరుగును. జహీరాబాదు ప్రాంతపు రైతుల వద్దనే ధాన్యము కొని తెప్పించుచున్నాము. బెల్లము, నేయి సమర్పింపదలచినవారు ఆలయ కార్యాలయమున పేరు వ్రాయింపుడు. కొర్రలలోని రాళ్ళేరుటకు ఆ చిన్నవాడు ముందురోజే వచ్చెదనన్నాడు.

స్వస్తి.