ఈ లోకం ఏ సరుకుతో తయారైంది?

(రాత్రిబడి కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సూర్యుడు, చుక్కలు, ఈ నేల, మన ఒళ్ళు - ఇవన్నీ ఏ సరుకుతో తయారైనాయి, ఆ సరుకు ఎక్కణ్ణుంచి వచ్చింది అనే సంగతి ఇయ్యాల మాట్లాడుకుందాం. పెద్ద చదువులోళ్ళ సంగతి మనకెందుకు అనుకోవద్దు. దాన్ని కనిపెట్టినోళ్ళను ఎట్లా చూశారో వింటే ఇది మన సంగతి కూడా అని మీకే తెలుస్తుంది.

సూర్యుడి దగ్గరికి పోయి పిడికెడు తెచ్చినోళ్ళు ఎవరూ లేరు. మరి అక్కడ ఏముందో ఎట్లా తెలిసింది? మండే పొయ్యిలో చిటికెడు ఉప్పు వేసి చూడండి. మంట పసుప్పచ్చగా మారుతుంది. అది ఉప్పులో ఉన్న సోడియం రంగు. ఇట్లా ప్రతి మూలకానికీ దానిదైన వెలుగు గుర్తు ఉంది. వెలుగును గాజు పట్టకంతో విడదీస్తే ఆ గుర్తులు గీతలుగా కనబడతాయి. వేలిముద్రను బట్టి మనిషిని గుర్తించినట్టే గీతలను బట్టి మూలకాన్ని గుర్తిస్తారు.

ఇందులో మన గుంటూరుకూ చోటుంది. గ్రహణమంటే తలుపులేసుకుని కూర్చోవాలని మనకు చెప్పారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రాన్సు శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచున ఎగసిన మంటల్లో ఒక పసుపు గీత కనబడింది. మొదట సోడియం అనుకున్నారు. కాదని తర్వాత తేలింది. భూమ్మీద అప్పటికి ఎవరికీ తెలియని మూలకం అది. హీలియం అని పేరు పెట్టారు. 1895లో గానీ అది భూమ్మీది ఖనిజంలో దొరకలేదు.

అయితే గీతలు చూస్తే సరిపోదు, వాటిని చదవడం రావాలి. ఆ చదువు నేర్పినవాడు మేఘనాథ్ సాహా. ఢాకా దగ్గర పల్లెలో 1893లో పుట్టాడు. తండ్రిది చిన్న కిరాణా కొట్టు. కలకత్తాలో చదివేటప్పుడు కింది కులమోడని హాస్టల్లో తోటి విద్యార్థులు తమతో కలిసి తిననియ్యలేదు. వేడి పెరిగేకొద్దీ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి, గీతలు మారిపోతాయి. ఏ వేడికి ఎంత మారుతుందో లెక్కగట్టే సూత్రాన్ని 1920లో ఆయనే ఇచ్చాడు.

ఆ సూత్రంతో సెసీలియా పేన్ అనే యువతి 1925లో అమెరికాలో చుక్కల వెలుగును లెక్కగట్టింది. సూర్యుడు కూడా భూమి లాగానే ఇనుము వగైరాలతో తయారైందని అప్పటి పెద్దల నమ్మకం. ఇనుము గీతలు వందలకొద్దీ కనబడతాయి కాబట్టి! గ్రామసభలో అరిచే గొంతులు లెక్కపెట్టి ఊరి జనాభా అంతే అన్నట్టు. సూర్యుడి వేడిలో కంటికి కనబడే గీతలు వేయగల హైడ్రోజన్ చాలా తక్కువ. మిగతాదంతా ఉండీ కనబడదు. లెక్క కడితే చుక్కల్లో అత్యధికం హైడ్రోజనే అని ఆమెకు తేలింది. "అసాధ్యం" అన్నాడు పెద్ద శాస్త్రవేత్త రస్సెల్. తన లెక్క నిజం కాకపోవచ్చని ఆమె చేతే రాయించుకున్నంత పనైంది. నాలుగేళ్ళకు, 1929లో, ఆమె చెప్పిందే నిజమని ఆయనే ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆమెకు మాత్రం 1956 దాకా ప్రొఫెసర్ పదవి ఇవ్వలేదు.

ఈనాటి లెక్క ప్రకారం సూర్యుడి బరువులో సుమారు 73 శాతం హైడ్రోజన్, 25 శాతం హీలియం. మిగిలినవన్నీ కలిపితే 2 శాతమే.

ఇవి ఎక్కడ పుట్టాయి? సుమారు 1380 కోట్ల ఏళ్ళ కింద విశ్వం మహా వేడిగా, ఇరుగ్గా ఉండి విస్తరించడం మొదలుపెట్టింది. మొదటి కొద్ది నిమిషాల్లో తయారైంది హైడ్రోజన్, హీలియం, పిసరంత లిథియం. బొగ్గులోని కార్బన్ లేదు, ఇనుము లేదు. వాటిని తర్వాత నక్షత్రాలు తమ కడుపులో వండాయి. పెద్ద నక్షత్రాలు పేలిపోయి ఆ సరుకును ఆకాశంలో వెదజల్లాయి. ఆ దుమ్ములోంచే ఈ భూమి, ఈ భూమ్మీద మనం.

మన ఒంటి బరువులో సుమారు 65 శాతం ఆక్సిజన్, 18 శాతం కార్బన్, 10 శాతం హైడ్రోజన్. నెత్తుట్లో ఇనుము. అగ్రహారం బావిలో నీళ్ళయినా, మన వాడ బోరింగులో నీళ్ళయినా అందులోని హైడ్రోజన్ ఆ మొదటి నిమిషాలదే. పరమాణువుకు ఊరూ లేదు, వాడా లేదు. పుట్టుకతోనే ఒక ఒళ్ళు శుద్ధం, ఒక ఒళ్ళు మైల అనేవాడు ఏ గీత చూసి చెప్పాడో అడగండి.

ఒక మాట దాచకూడదు. ఇప్పటిదాకా చెప్పింది మామూలు పదార్థం సంగతి. విశ్వంలో అది సుమారు 5 శాతమే. మిగతా 95 శాతం అసలేమిటో ప్రపంచమంతా ఇంకా వెతుకుతోంది. రాత్రిబళ్ళల్లో పిల్లలకు ఉప్పు మంట చూపించండి. "ఎట్లా తెలుసు?" అని అడిగే పిల్ల నోరు మూయించొద్దు. రేపు ఆ వెతికేవాళ్ళలో మన వాడ పిల్లలుండాలి.