ఒక చాయ్‌కి ఒక కుర్చీ



ఈ పూట ఇరానీ హోటల్ గురించి మాట్లాడతాను. హైదరాబాద్‌లో ఉంటూ ఇరానీ హోటల్ తెలియనివాళ్లు ఎవరుంటారని మీరు అడగవచ్చు. ఇరానీ చాయ్ అందరికీ తెలుసు, నిజమే. ఇప్పుడది హైవే పక్కన దొరుకుతోంది, మాల్‌లో దొరుకుతోంది, కాగితం కప్పులో పోసి చేతికిస్తున్నారు. నాకు బాధగా ఉన్నది వేరే సంగతి. ఆ చాయ్ పేరు మీద ఇన్నేళ్లూ మనకొక కుర్చీ దొరికేది. చాయ్ బతికింది, కుర్చీ పోతోంది. అడిక్‌మెట్, విద్యానగర్, రాంనగర్, తార్నాక వైపు కొంతకాలం ఉన్నవాళ్లెవరికైనా ఈ తేడా అనుభవంలో ఉంటుంది.

ఇరాన్ నుంచి, ముఖ్యంగా యజ్ద్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి, కరువుకూ పేదరికానికీ తట్టుకోలేక జనం పందొమ్మిదో శతాబ్దం చివర్లోనూ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ బొంబాయి చేరారు. ఆ నగరంలో వాళ్లు పెట్టిన హోటళ్లలో 1904 నాటి కయానీ, 1923 నాటి బ్రిటానియా ప్రసిద్ధమైనవి. బొంబాయిలో హోటళ్లు పెట్టినవాళ్లు ఎక్కువగా జొరాస్ట్రియన్లు. అక్కడి నుంచి పుణే మీదుగా హైదరాబాద్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది షియా ముస్లింలు. నిజాం రాజ్యంలో దర్బారు మర్యాదల్లోనూ ఉర్దూ మాటల్లోనూ పారసీక వాసన అప్పటికే ఉంది కాబట్టి వాళ్లకు ఈ ఊరు పరాయిదిగా తోచి ఉండదు. వీధి మూలనున్న దుకాణం అచ్చిరాదని మనవాళ్లు వదిలేస్తే, ఆ పట్టింపు లేని ఇరానీలు తక్కువ అద్దెకు తీసుకున్నారని పాతవాళ్లు చెబుతారు. మూల దుకాణానికి రెండు రోడ్ల గిరాకీ, రెండు వైపుల గాలి. ఈ మూల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

ఇక ఆ చాయ్ తయారీ. మన ఇళ్లలో పాలు, నీళ్లు, పొడి, పంచదార అన్నీ ఒకే గిన్నెలో మరిగిస్తాం. ఇరానీ హోటల్లో డికాక్షన్ వేరు, పాలు వేరు. రాగి పాత్రలో నీళ్లు, తేయాకు వేసి, మూత చుట్టూ గుడ్డ బిగించి, సన్నని సెగ మీద దమ్ పెడతారు. ఆవిరి బయటికి పోదు, వాసన లోపలే ఉంటుంది. పక్క పొయ్యి మీద పాలు గంటల తరబడి కాగి చిక్కబడుతుంటాయి. ఆర్డరు వచ్చినప్పుడే కప్పులో రెండూ కలుపుతారు. పాలు ఎక్కువ కావాలంటే పౌనా అనాలి, ఘాటుగా కావాలంటే ఖడక్ అనాలి. ఈ కలిపే చేతిలోనే హోటల్ పేరంతా ఉంటుంది. అదే పాత్ర, అవే పాలు, చెయ్యి మారితే చాయ్ మారిపోతుంది.

పాలరాయి పరిచిన బల్ల, చుట్టూ చెక్క కుర్చీలు, గోడలకు అద్దాలు, గుమ్మం దగ్గర గల్లా వెనక సేట్. మీరు అడగకపోయినా చిన్న ఉల్లి సమోసాలో, ఉస్మానియా బిస్కెట్లో ప్లేటు నిండా తెచ్చి ముందు పెడతారు. ఎన్ని తింటే అన్నిటికే లెక్క. మీరు లేచి గల్లా దగ్గరికి వెళ్లేలోపు సర్వర్ అక్కడి నుంచే మీ బిల్లు ఎంతో కేకేసి చెబుతాడు. చీటీ లేదు, కంప్యూటర్ లేదు. తిన్నవాడి మాట మీద, చూసినవాడి జ్ఞాపకం మీద నడిచిన వ్యాపారం అది.

అడిక్‌మెట్‌కు ఈ హోటళ్లు ఎందుకు అంత కావలసినవయ్యాయో తెలియాలంటే ఆ నేల కథ కొంచెం చెప్పుకోవాలి. ఒకప్పుడది కవయిత్రి మహలకాబాయి చందా జాగీరు. ఆవిడ కాలం నాటి మెట్లబావి ఇప్పటికీ ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ ఆవరణలో ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1917లో ఫర్మానా వచ్చింది, 1919లో ఆబిడ్స్ వైపు అద్దె భవనాల్లో తరగతులు మొదలయ్యాయి. శాశ్వత ఆవరణకు అడిక్‌మెట్ నేలను ఎంచుకున్నారు. 1939 డిసెంబర్ 4న ఆర్ట్స్ కాలేజీ భవనం తెరుచుకుంది. దానితోపాటే అక్కడికి జిల్లాల నుంచి కుర్రాళ్ల రాక పెరిగింది.

ఆ చుట్టుపక్కల మరికొన్ని బతుకులున్నాయి. తార్నాక పక్కన లాలాగూడలో 1893 నాటి రైల్వే వర్క్‌షాపు. విద్యానగర్ అవతల ఆజామాబాద్ పారిశ్రామికవాడ, అక్కడ చార్మినార్ సిగరెట్లు చేసిన వజీర్ సుల్తాన్ ఫ్యాక్టరీ. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో వరసగా సినిమా హాళ్లు. తెల్లవారుజామున షిఫ్టుకెళ్లే కార్మికుడు, పొద్దెక్కాక విద్యార్థి, మధ్యాహ్నం రిటైరైన గుమస్తా, రాత్రి సెకండ్ షో వదిలాక సినిమా జనం. ఒకే బల్ల మీద రోజుకు నాలుగు ఊళ్లు కూర్చుని లేచేవి. నల్లగొండ నుంచో వరంగల్ నుంచో వచ్చిన కుర్రాడు హైదరాబాద్ హిందీ నేర్చింది తరగతి గదిలో కాదు, “దో చాయ్, ఏక్ పౌనా” అని చెప్పిన ఆ బల్ల దగ్గర. అదే బల్ల దగ్గర ఉర్దూ పేపర్ సియాసత్ పేజీ ఒకరి చేతిలో, తెలుగు పేపర్ మధ్య పేజీ ఇంకొకరి చేతిలో ఉండేవి. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. సొంత రేడియో లేని తరానికి బినాకా గీత్‌మాలా, క్రికెట్ కామెంటరీ అందింది చాలావరకు హోటల్ గల్లా పక్కనున్న రేడియో నుంచే.

ఆబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ ఉండేది. ఉస్మానియాలో చదివి, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, కమ్యూనిస్టు ఉద్యమంలోకి వెళ్లిన మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు, చిత్రకారులు, రాజకీయ నాయకులు అక్కడ చేరేవారు. అది ఇప్పుడు లేదు. ఓరియంట్ గురించి రాసినవాళ్లున్నారు. క్యాంపస్ చుట్టూ ఉన్న పేరు లేని హోటళ్ల గురించి రాసినవాళ్లు తక్కువ. 1969 ఉద్యమం నుంచి తెలంగాణ వచ్చేదాకా ఎన్ని కరపత్రాల చిత్తుప్రతులు చాయ్ మరకలతో తయారయ్యాయో ఆ తరాలవాళ్లే చెప్పాలి. ఉద్యమం గురించి మాట్లాడేటప్పుడు మనం ఆర్ట్స్ కాలేజీ మెట్లను తలుచుకుంటాం. తలుచుకోవాలి కూడా. ఆ మెట్ల మీదికి వెళ్లే ముందు మనుషులు కూర్చుని వాదించుకున్న చోటు కూడా చరిత్రలో భాగమే అంటాను.

ఆ హోటళ్లలో లోపం లేదని కాదు. ఉంది, పెద్ద లోపమే. ఆ కుర్చీ మగవాడి కుర్చీ. ఫ్యామిలీ రూమ్ అని ఒక మూల తెర కట్టేవారు, ఆడవాళ్లు వస్తే ఆ తెర వెనక్కి. ఒంటరిగా ఒక అమ్మాయి పుస్తకం తెరిచి బయటి బల్ల దగ్గర కూర్చోవడం చాలాకాలం ఊహకందని విషయం. తార్నాకలో ఈ మధ్య వచ్చిన కెఫేలలో అమ్మాయిలు ధైర్యంగా కూర్చుంటున్నారు. అది నిజమైన మార్పు, మంచి మార్పు, దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే ఆ కెఫేలో ఒక కాఫీ ధరకు గదిలో ఉండే విద్యార్థికి మెస్‌లో ఒక పూట భోజనం వస్తుంది. అందరూ కూర్చోగలిగే చోటు మనకు ఇంకా ఏర్పడనే లేదు. ఏర్పడేలోపే ఉన్నది పోతోంది.

ఎందుకు పోతోంది? వీధి మూల అని ఇందాక చెప్పాను కదా, అక్కడికి వద్దాం. అచ్చిరాదనుకున్న మూలే ఇప్పుడు బంగారం. రోడ్డు వెడల్పు చేస్తే ముందు కోతపడేది మూల దుకాణానికే. కోతపడకుండా మిగిలితే బట్టల షోరూమో, మందుల షాపో హోటల్ కట్టేదానికి ఎన్నో రెట్లు కిరాయి ఇస్తానంటుంది. చాలా ఇరానీ హోటళ్లు భాగస్వామ్యంలో నడిచినవి. తాతలు ఇద్దరు ముగ్గురు కలిసి పెడితే మనవలు పదిమందయ్యారు, వాళ్లలో కొందరు విదేశాల్లో ఉన్నారు. పంచుకోవాలంటే అమ్మడం ఒక్కటే దారి. పాల ధర పెరుగుతూనే ఉంది, చాయ్ ధర పెంచితే గిరాకీ పోతుందని భయం. రెండు చాయ్‌లకు నలుగురు గంటసేపు కూర్చుంటే ఆ బల్ల ఏం సంపాదిస్తుంది? సేట్ మంచితనం ఒక్కటే ఇన్నాళ్లూ దీన్ని నడిపిందనుకోకూడదు. పాతకాలపు తక్కువ కిరాయి నడిపింది. కిరాయి మారిన రోజున మంచితనం నిలవలేకపోయింది.

2017 నవంబర్ 28న మెట్రో మొదలైంది, తార్నాకకు స్టేషన్ వచ్చింది. ప్రయాణం సుఖమైంది. అయితే రోడ్డు మధ్యలో స్తంభాలు లేచాక, అటువైపు నుంచి ఇటువైపుకు నడిచి చాయ్‌కి వచ్చే మనిషి తగ్గాడు. 2020లో కరోనా వచ్చి హాస్టళ్లు ఖాళీ అయినప్పుడు విద్యార్థుల మీద బతికే ప్రతి పొయ్యీ ఆరింది. మళ్లీ అన్నీ వెలగలేదు.

ఈ హోటళ్ల స్థానంలో వచ్చినవాటిని నేను తక్కువ చేయను. విద్యానగర్, నల్లకుంట సందుల్లో కర్రీ పాయింట్ ఎంతమంది కడుపు నింపుతోందో చూడండి. గదిలో కుక్కర్‌లో అన్నం వండుకుని, కూర, పప్పు, సాంబారు పొట్లాల్లో తెచ్చుకుంటారు. ఉద్యోగానికి పోయే దంపతులకు, పోటీ పరీక్షల పిల్లలకు అదొక వరం. మెస్‌లు ఉన్నాయి, నెలకింతని టోకెన్లు. నిలబడి తాగే టీ స్టాల్ ప్రతి మలుపులో ఉంది. ఇవన్నీ కడుపుకు పెడతాయి, కూర్చోనివ్వవు. పొట్లం గదికి పోతుంది, గదిలో ఒక మంచం, ఒక ఫోను. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నే సీటు దొరకని పిల్లలు చెట్టు కింద కూర్చుని చదువుతున్నారు. పరీక్ష వాయిదా పడ్డ రోజున, ఫలితాల్లో పేరు లేని రోజున, ఆ పిల్లవాడు ఎవరి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి? తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, మనుషులు ఏం తినాలో దశాబ్దాలుగా పరిశోధించి చెబుతోంది. మనుషులు ఎవరితో కూర్చుని తింటున్నారన్నది కూడా ఆరోగ్యం సంగతేనని నా నమ్మకం.

ఇది మన ఒక్క ఊరి బాధే కాదు. సింగపూర్ ద్వీప నగరం, అక్కడ భూమి మనకంటే ఎన్నో రెట్లు ప్రియం. వీధుల్లో అమ్ముకునేవాళ్లను ప్రభుత్వం 1971 నుంచి 1986 దాకా కట్టించిన హాకర్ సెంటర్లలోకి మార్చింది. చైనా నూడుల్స్, మలయ్‌ల అన్నం, తమిళుల రొట్టె పక్కపక్క దుకాణాల్లో ఉంటాయి. బల్లలూ కుర్చీలూ మాత్రం ఏ దుకాణానివీ కావు, అందరివీ. ఎక్కడ కొన్నా ఎక్కడైనా కూర్చోవచ్చు. 2020లో యునెస్కో ఈ సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడా ముసలివాళ్ల తర్వాత ఆ దుకాణాల్లోకి వచ్చే పిల్లలు తక్కువే. అయినా కుర్చీ వ్యాపారి దయ మీద కాక నగరం బాధ్యతగా ఉండాలని వాళ్లు ముందే గుర్తించారు. మనకు 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. అది భవనాలను, కట్టడాలను కాపాడటానికి ఉద్దేశించినది. భవనం నిలిచి లోపల చాయ్ బదులు చెప్పులు అమ్మితే వారసత్వం నిలిచిందనలేం.

ఇరానీ హోటల్ ఇరానీల చేతుల్లోనే ఉండాలని కూడా ఏమీ లేదు. లక్డీకాపూల్ దగ్గరి నీలోఫర్‌లో పనివాడిగా చేరిన ఆదిలాబాద్ పల్లె కుర్రాడు బాబూరావు తర్వాత ఆ హోటల్‌కే యజమాని అయ్యాడు. చేతి విద్య అలా చేతులు మారింది. అడిక్‌మెట్‌లోనూ మారగలదు. విశ్వవిద్యాలయం దగ్గర స్థలం ఉంది, తార్నాక మెట్రో స్టేషన్ కింద జాగా ఉంది, నగరపాలక సంస్థకు అధికారం ఉంది. తక్కువ కిరాయికి పొయ్యి పెట్టుకోనిచ్చి, ముందు నలభై కుర్చీలు వేయించి, ఆడా మగా ఎవరైనా ఎంతసేపైనా కూర్చోవచ్చని ఒక నియమం పెడితే చాలు. ఇది ఉచిత పథకం కాదు, పెద్ద ఖర్చూ కాదు. విశ్వవిద్యాలయం అధికారులు, నగరపాలకులు ఈ మాట వింటుంటే ఆలోచించమని అడుగుతున్నాను.

శ్రోతలను అడిగేది ఇంకా చిన్నది. మీ వీధి చివర ఇరానీ హోటల్ ఒకటి మిగిలి ఉంటే, పార్సిల్ కట్టించుకుని రాకండి. లోపలికి వెళ్లి కూర్చోండి, వీలైతే ఇంట్లో ఆడపిల్లల్ని కూడా వెంట తీసుకెళ్లి బయటి బల్ల దగ్గరే కూర్చోండి. ఎక్కువసేపు కూర్చుంటే రెండో చాయ్ చెప్పండి, ఆ కుర్చీకి మనం కట్టగలిగిన కిరాయి అదే.