తాళం ఎలా విరుగుతుందో మనకూ తెలియాలి

(భిలాయి స్మృతి నగర్‌లో తెలుగు యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ భద్రతను నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. సొంతంగా నేర్చుకున్నాను, అదీ దాడి చేసే వైపు నుంచి. ‘హ్యాకింగ్ దొంగల పని కదా, మనకెందుకన్నా?’ అని మీలో కొందరు అడిగారు. జవాబు ఈ ఊరికి దగ్గరదే.

భిలాయి కార్మికులతో ఏళ్ల తరబడి పనిచేసిన సుధా భరద్వాజ్‌ను 2018లో భీమా కోరేగావ్ కేసులో అరెస్టు చేశారు. నాగపూర్ దళిత న్యాయవాది సురేంద్ర గాడ్లింగ్, మన తెలుగు కవి వరవరరావు కూడా అదే కేసులో జైలుకు వెళ్లారు. ఆనంద్ తేల్తుంబ్డే 2020లో సరిగ్గా అంబేడ్కర్ జయంతి రోజున లొంగిపోవలసి వచ్చింది.

ఈ కేసుకు ఆధారంగా చూపినవాటిలో రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌లో దొరికిన ఉత్తరాలు ముఖ్యమైనవి. డిఫెన్స్ లాయర్ల కోరికపై అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ ఆ డిస్క్ కాపీని పరీక్షించి, 2021 ఫిబ్రవరిలో నివేదిక బయటపెట్టింది. దాని ప్రకారం, 2016 జూన్ 13న వరవరరావు మెయిల్ ఖాతాను వాడుతున్న ఎవరో విల్సన్‌కు ఒక ఫైల్ పంపి, తెరవమని మళ్లీ మళ్లీ అడిగారు. తెరిస్తే పైకి మామూలు పత్రమే కనిపించింది. వెనకాల నెట్‌వైర్ అనే ప్రోగ్రాం దిగింది. 22 నెలలు ఆ ల్యాప్‌టాప్ పరాయి చేతిలో ఉంది. ఉత్తరాలను దాచిన ఫోల్డర్‌లో పెట్టింది ఆ చేయే. ఎన్‌ఐఏ ఈ నివేదికను ఒప్పుకోలేదు.

ఎలా పట్టుకున్నారు? ఆ ఉత్తరాలు తయారైన వర్డ్ వెర్షన్ విల్సన్ ల్యాప్‌టాప్‌లో లేనే లేదు. వాటిని అక్కడ ఎవరైనా తెరిచిన జాడ కూడా లేదు. దాడి ఎలా జరుగుతుందో తెలిసినవాడికే ఇలాంటి జాడ కంటపడుతుంది. ఆ తెలివి కోసం మనం అమెరికా దాకా ఎందుకు వెళ్లాలి?

నేర్చుకోవడానికి లక్షల ఫీజు అక్కర్లేదు. నాకు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ సరిపోయింది. ముందు లినక్స్, నెట్‌వర్కింగ్. తర్వాత ఓవర్‌దివైర్‌లో ‘బ్యాండిట్’ ఆట: ఒక్కో మెట్టు దాటితే తర్వాతి పాస్‌వర్డ్ దొరుకుతుంది. వెబ్‌సైట్ల లోపాలకు పోర్ట్‌స్విగర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ. ఆపైన వర్చువల్‌బాక్స్‌లో ఒకవైపు కాలీ లినక్స్, మరోవైపు కావాలనే లోపాలతో చేసిన డీవీడబ్ల్యూఏ. అన్నీ ఉచితమే. అసలు అడ్డం ఇంగ్లిష్. రోజుకు ఒక పేజీ చదవండి, అర్థం కానిచోట హిందీ వీడియో చూడండి. ఆరు నెలలకు భయం పోతుంది.

ఒక్క గీత మాత్రం దాటకండి. యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరి సిస్టమ్‌నూ ముట్టుకోవద్దు. ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మన పిల్లలు దొరికితే సరదాకి చేశారని ఎవరూ వదలరు. ఎక్కడైనా లోపం కనిపిస్తే సెర్ట్-ఇన్‌కు తెలియజేయండి.

వచ్చే ఆదివారం నుంచి ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు లేనివాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆడపిల్లలు ముందు వరసలో ఉండాలి. బ్యాండిట్ మొదటి మెట్టుతో మొదలుపెడదాం.

జై భీమ్.