కార్తె చూద్దాం, కోత మాత్రం ఆపొద్దు

(గూడూరులో జరిగిన మన సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగం గురించి మాట్లాడమన్నారని ఇంట్లో చెబితే, మా ఆవిడ "నీకెందుకయ్యా అయ్యవార్లతో పోట్లాట" అనింది. నేను పోట్లాటకు రాలేదు. మా ఇంట్లోనూ గోడకు పంచాంగం క్యాలెండరు ఉంది. పిల్ల పెళ్లికి ముహూర్తం పెట్టించిన వాణ్ణే నేను. కానీ కయ్య దగ్గర ఒక దెబ్బ తిన్నాను. ముందు అది చెబుతాను.

చాలా ఏళ్ల కిందటి మాట. ఎడగారు వరి కోతకొచ్చింది. ఉత్తర కార్తె నడుస్తా ఉంది. కోత మిషను మా ఊళ్లోనే ఉంది. మా నాయన "మహాలయ పక్షాలురా అబ్బయ్యా, అమావాస్య పోనీ, మంచిరోజు చూసి కోయిద్దాం" అన్నాడు. నాలుగు రోజులే గదా అని నేనూ సరేనన్నాను. మిషనాయన ఊరికే కూచోడు గదా, పక్కూరికి తోలుకుపోయాడు. మూడో రోజు రాత్రి వాన పట్టుకునింది. చేను పడిపోయింది, వెన్నులు నీళ్లలోనే మొలకెత్తినాయి. ఆరు పుట్లు కావాల్సిన రెండెకరాల్లో రెండు పుట్లు కూడా చేతికి రాలేదు. ఆ రెండు పుట్లనీ తేమ అని, రంగు మారిందని చెప్పి అడ్డగోలు ధరకు అడిగారు. మా నాయనను నేను ఏమీ అనలేదు. సరే అన్నది నేనే గదా.

అప్పటి నుంచి పంచాంగం తిరగేయడం మొదలుపెట్టాను. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం, ఈ ఐదూ కలిస్తే పంచాంగం. వారాన్ని పక్కన పెడితే తక్కిన నాలుగూ సూర్యచంద్రులు ఎక్కడున్నారో చెప్పే లెక్కలు. ఆ లెక్క మన పెద్దల కష్టార్జితం, అది మనకు పనికొస్తుంది. దాని మీద ఎక్కించిన మంచీ చెడ్డా వేరే సంగతి.

పనికొచ్చేదాంట్లో మొదటిది కార్తె. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు, పద్నాలుగు రోజులుంటాడు. అందుకే ఉత్తర కార్తె ఏటా సెప్టెంబరు 13 ప్రాంతంలో వస్తుంది, తిథుల్లాగా ముందుకూ వెనక్కూ జరగదు. అయితే "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెత ఉంది గదా, దాన్ని మన నేల మీద పెట్టి చూడండి. ఉత్తర దాకా వాన లేకపోతే ఇక గంప నెత్తికెత్తుకుని వలస పొమ్మని దాని అర్థం. నైరుతి వాన మీద బతికే సీమల మాట అది. మన నెల్లూరు తీరంలో ఏడాదికి సుమారు 1,080 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో 660 దాకా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. అక్కడి రైతు గంప ఎత్తే వేళకు మనకు అసలు వాన ఇంకా మొదలే కాదు. మనకు ఉత్తర చెప్పేది ఒకటే: ఎడగారు కోసి ఇంటికి చేర్చు, వెనకనే వాన వస్తా ఉంది అని. మా నాయనకు ఆ సామెత నోటికొచ్చు. దాన్ని మన ఊరికి తిప్పి చదవడం మా ఇద్దరికీ తట్టలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కార్తెలు నక్షత్రాలను బట్టి, రుతువులు ఎండపొద్దును బట్టి నడుస్తాయి. ఈ రెంటికీ సుమారు డెబ్బై ఏళ్లకు ఒక రోజు తేడా పడుతుంది. అంటే వెయ్యేళ్లకు దాదాపు ఒక కార్తె. కాబట్టి పాత సామెతను తేదీతో సహా నమ్మకండి.

రెండోది తిథి. కోట, వాకాడు, చిల్లకూరు మండలాల్లో సముద్రం పక్కన సాగు చేసే వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎక్కువ. ఆ రోజుల్లో మురుగు కాలువలు సముద్రంలోకి తొందరగా దిగవు, ఉప్పునీరు ఎగదన్నుతుంది. 2021 కార్తీక పౌర్ణమి నవంబరు 19న వచ్చింది. ఆ తెల్లవారుజామునే పుదుచ్చేరి, చెన్నై మధ్య వాయుగుండం తీరం దాటింది. ఆ వెంటనే పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది మీకు గుర్తుండే ఉంటుంది. వాయుగుండం కబురు వినగానే తిథి చూసుకోండి. దీపాలు పెట్టేదానికే గాదు, కాలువ తూములు ముందే బాగు చేసుకునేదానికి కూడా.

ఇక ఉగాది నాడు మనం చెవులు రిక్కించి వినే నవనాయకుల సంగతి. ఉగాది ఏ వారం వస్తే ఆ వారాధిపతే ఆ ఏటికి రాజు. 2025లో మార్చి 30 ఆదివారం వచ్చింది, కాబట్టి ఆ ఏటికి సూర్యుడు రాజయ్యాడు. సూర్యుడు ఆరుద్రలో అడుగుపెట్టిన వారాన్ని బట్టి మేఘాధిపతి. అనంతపురానికీ గూడూరుకూ ఆయనే మేఘాధిపతి, మరి వాన ఒకటేనా? అర్ఘాధిపతి బాగుంటే ధరలు బాగుంటాయని చదువుతారు. కేంద్రం 2025-26కు సాధారణ రకం ధాన్యానికి క్వింటాలు 2,369 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. మన 850 కిలోల పుట్టికి లెక్క కడితే 20,136 రూపాయలు. ఆ డబ్బు మన చేతికి రావాలంటే కొనుగోలు కేంద్రం సమయానికి తెరవాలి, గింజ తేమ 17 శాతం దాటకూడదు. ఈ రెండూ ఏ గ్రహం చేతిలోనూ లేవు. మొదటిదాని కోసం అధికారులను అడగాలి, రెండోదాని కోసం పట్టలు, కళ్లాలు సిద్ధం చేసుకోవాలి.

రాహుకాలం గురించి కూడా అడుగుతున్నారు. పొద్దు పొడిచినప్పటి నుంచి గుంకేదాకా ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒక భాగం, గంటన్నర. దాని కోసం కాసేపు ఆగి టీ తాగుతామంటే నేను కాదనను. మిషను బాడుగ గంటల లెక్కన నడిచేటప్పుడు మాత్రం ఆ టీ చాలా ఖరీదు. నారు ముదిరిపోతా ఉంటే మూఢం పోనీ అనడం ఇంకా ఖరీదు. ఫసల్ బీమా ఉన్నవాళ్లు ఇంకో గడువు గుర్తు పెట్టుకోండి: కోసి ఆరబెట్టిన పంట వానకు తడిస్తే 72 గంటల్లోగా తెలియజేయాలి. అమావాస్య వెళ్లాక చెబుతామంటే గడువు దాటిపోతుంది.

ఇప్పుడు మన ముందున్న పని. ఉత్తర కార్తెలో అందరికీ ఒకేసారి మిషను కావాలి, అప్పుడే బాడుగ పెరుగుతుంది. ఊరూరా ఎవరి చేను ఏ తేదీకి కోతకొస్తుందో నారు పోసిన రోజును బట్టి రాసుకుని, మిషన్ల యజమానులతో ముందే కలిసి మాట్లాడాలనుకున్నాం. మా ఊరి కాగితం తెచ్చాను, అందులో మొదటి పేరు మా నాయనదే. మీ ఊళ్ల కాగితాలు కూడా భోజనాలయ్యేలోగా కార్యదర్శికి ఇవ్వండి.