రేపటి జో: ఒక బొమ్మల కథ
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు బొమ్మల కథలు తెప్పించుట తగునా యని ఇటీవల చర్చ జరిగినది. తగదని వాదించినవారిలో నేనును ఒకడను. భారత భాగవతములుండగా బాలుర బొమ్మలేల యని నా వాదము. ఆ వాదమును సడలించిన జపాను కథ నొకదానిని గూర్చి నేడు మనవి చేసికొందును.

దాని పేరు ‘అషితా నో జో’. అనగా ‘రేపటి జో’. కథ కూర్చినవారు ఇక్కి కాజివారా; బొమ్మలు వ్రాసినవారు తెత్సుయా చిబా. 1968 మొదలు 1973 వరకు కోదాన్షా సంస్థవారి బాలుర వారపత్రికలో వెలువడినది.

జో దిక్కులేని దేశదిమ్మరి. టోక్యో నగరమున దినకూలీలు చౌక బసలలో తలదాచుకొను సాన్యా వాడకు చేరెను. అచ్చట దాంపే యను ఒంటికంటి త్రాగుబోతు, ఒకప్పటి ముష్టియోధుడు, వాని పిడికిలి బలమును గుర్తించెను. జో నేరము చేసి నిర్బంధమున నుండగా పోస్టుకార్డులపై పాఠములు వ్రాసి పంపెను. గురువు చెంత లేకున్నను విద్య సాగెను.

ఆ నిర్బంధముననే రికీషి యను ప్రతియోధుడు తారసిల్లెను. అతడు జోకంటె భారీ మనిషి. జోతో సరితూగు తరగతిలో పోరాడుటకై అన్నము మాని, నీరు సైతము మాని, శరీరమును శుష్కింపజేసికొనెను. పోరున గెలిచెను, గెలిచిన బరిలోనే కూలి మరణించెను.

సభాసదులారా! 1970 మార్చి 24న, షూజీ తెరయామా యను కవి పూనికతో, కోదాన్షా భవనమున రికీషికి అంత్యక్రియల సభ జరిగెను. సుమారు 700 మంది వచ్చిరి. కాగితముపై పుట్టినవానికి నిజమైన మనుష్యులు కన్నీరు విడిచిరి. అభిమన్యుని కథ విని మన తల్లులు కంటతడి పెట్టుకొనలేదా? ఇదియు నట్టిదే.

అయినను వారము దినములకే, మార్చి 31న, ఎర్రసేన వర్గమువారు తొమ్మండుగురు విమానము నపహరించి ఉత్తర కొరియాకు పోయిరి. తామే రేపటి జోలమని ప్రకటించిరి. అదే కథ ఒకరికి శోకము, మరొకరికి దుస్సాహసము నేర్పినది. కావున పిల్లలకు పుస్తక మిచ్చి ఊరకుండిన చాలదు. వారు చదివినదానిని గూర్చి పెద్దలు వారితో మాటలాడవలెను. ఆ పని మన గ్రంథాలయమున జరుగక యెచ్చట జరుగును?

తుదకు జో జగజ్జెట్టి యగు మెండోజాతో పోరి ఓడెను. ఓడి, తన మూలలో చిరునవ్వుతో తలవంచి కూర్చుండెను. మరణించెనా, బ్రతికియున్నాడా యను ప్రశ్నపై పాఠకులు నేటికిని వాదించుకొందురు. సాన్యా వాడవారు 2012లో తమ అంగళ్ల వీథికడ వాని విగ్రహము నిలిపిరి. గెలిచినవానికి గాక, తమవలె దెబ్బలు తిని లేచినవానికి! చిబాగారికి 2024లో జపాను ప్రభుత్వము సంస్కృతి పతక మొసగినది. బొమ్మల కథకులలో ఆ గౌరవము పొందిన మొదటివారు వారే.

కనుక నా వాదమును ఉపసంహరించుకొనుచున్నాను. భారత భాగవతముల ప్రక్కనే ఒక అర బొమ్మల కథలకు కేటాయింపుడు. ఆ ఖర్చుపద్దు నా చేతితోనే వ్రాసెదను.